సోనిక్ విజువలైజర్‌తో సోలో పియానో: టెంపో దొరుకుతుంది, స్కేలు సగం దొరుకుతుంది, మూడ్ మన చెవికే వదిలేస్తుంది

రికార్డింగు చేతికిచ్చి టెంపో ఎంత, ఏ స్కేలు, మూడ్ ఏంటి అని అడిగితే రెండు సెకన్లలో మూడు ముక్కల్లో జవాబు చెప్పే యాప్‌లు ఇప్పుడు బోలెడు. డ్రమ్స్ ఉన్న పాటకి ఆ జవాబు చాలాసార్లు సరిపోతుంది. సోలో పియానో దగ్గరే తేడా కొడుతుంది. దరువు వేసే వాద్యం లేదు, వాయించేవాడు లయని సాగదీస్తాడు, పెడల్ వేస్తే ఒక కార్డ్ (కలిపి నొక్కిన స్వరాల గుత్తి) మీద ఇంకో కార్డ్ పారుతుంది. జవాబు తప్పని తెలిసినా ఎక్కడ తప్పిందో చూసుకునే దారి ఆ యాప్‌లలో ఉండదు.

సోనిక్ విజువలైజర్ ఆ కోవలోది కాదు. లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీలో ఉన్న సెంటర్ ఫర్ డిజిటల్ మ్యూజిక్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. షోపాన్ మజుర్కాల రికార్డింగుల్ని పోల్చి చూసిన పరిశోధకులు వాడింది కూడా దీన్నే. ఫైలు తెరిస్తే వేవ్‌ఫామ్ తప్ప ఏమీ కనిపించదు, అందుకే కొత్తవాళ్లు "ఇంతేనా?" అనుకుని మూసేస్తారు. అడగనిదే ఇది ఏమీ చెప్పదు. అడిగితే, చెప్పిన జవాబుని రికార్డింగు మీదే ఒక పొరగా పరిచి చూపిస్తుంది. ఎక్కడ తప్పిందో కంటికి కనబడుతుంది. దీన్ని మెచ్చుకోవాల్సింది అందుకే గాని, దాని ఆటోమేటిక్ జవాబుల కోసం కాదు.

ముందు ఇన్‌స్టలేషన్ సంగతి. టెంపో, స్కేలు లెక్కగట్టే పని అసలు ప్రోగ్రాముది కాదు, వాంప్ ప్లగిన్లది, అంటే దానికి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రాములది. వాటిని విడిగా దించుకోవాలి. వాంప్ ప్లగిన్ ప్యాక్ తీసుకుని అందులో క్వీన్ మేరీ సెట్‌కి టిక్ పెడితే చాలు. ప్రోగ్రాము 64 బిట్‌ది, ప్లగిన్ 32 బిట్‌ది అయితే ట్రాన్స్‌ఫార్మ్ మెనూలో దాని పేరే కనబడకపోవచ్చు. ప్లగిన్ పాడైందేమో అనుకోకముందు ఇది చూసుకోండి. రికార్డింగు వీలైతే వేవ్ ఫైలుగా ఇవ్వండి.

టెంపోతో మొదలుపెడదాం. క్వీన్ మేరీ ప్లగిన్లలోని టెంపో అండ్ బీట్ ట్రాకర్ చేసే పని రెండు అంచెల్లో ఉంటుంది. శబ్దంలో ఎక్కడెక్కడ కొత్త స్వరం మొదలైందో ముందు ఒక గీతగా గీస్తుంది. ఆ గీతలో ఏ వ్యవధి పదే పదే తిరిగొస్తోందో తర్వాత వెతుకుతుంది. ఆ వెతుకులాట ఎక్కడ మొదలవ్వాలన్నదానికి టెంపో హింట్ అని ఒక గడి ఉంది. మనం ముట్టుకోకపోతే అందులో 120 ఉంటుంది. నెమ్మదైన పియానో పీసులకి ఇదే కొంప ముంచేది.

బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగాన్నే తీసుకోండి. సి షార్ప్ మైనర్, అడాజియో సొస్టెనూతో, అంటే నెమ్మదిగా, నిలిపి. కుడిచేతిలో ఆగకుండా త్రిశ్రంలో నడిచే స్వరాలు, అంటే క్వార్టర్ నోట్‌కి మూడు. క్వార్టర్ 54 దగ్గర వాయిస్తున్నారనుకుంటే నిమిషానికి 162 స్వరాలు పడతాయి. యంత్రానికి వినబడేది ఆ 162. వాటిని మూడేసిగా కట్టాలని దానికెవరు చెప్పాలి? రెండేసిగా కడితే 81 వస్తుంది. 54ని రెండో కాలంలో లెక్కేస్తే 108, అది 120కి దగ్గర కాబట్టి అటు మొగ్గే అవకాశం ఎక్కువ. పైగా స్వరలిపిలో ఈ భాగానికి ఉన్నది కట్ టైమ్ గుర్తు, అంటే లెక్క హాఫ్ నోట్‌తో, నిమిషానికి 27. ఒకే వాయింపుకి 27, 54, 81, 108, 162 అని ఐదు అంకెలు! ఇందులో 81 ఒక్కటే శుద్ధ తప్పు. మిగతావన్నీ ఏ కాలంలో లెక్కేశామన్న తేడాయే. 81 వచ్చిందంటే మాత్రం త్రిశ్రాన్ని చతురశ్రంగా విన్నదని అర్థం.

షోపాన్ ఈ (E) మైనర్ ప్రెల్యూడ్ (ఓపస్ 28, నంబర్ 4) ఇంకా మోసకారి. ఎడమచేతిలో అవే కార్డులు ఎనిమిదో నోట్ల చొప్పున బారుకి (ఒక ఆవర్తానికి) ఎనిమిదిసార్లు పడతాయి. క్వార్టర్ 60 దగ్గర వాయిస్తే కార్డులు పడేది సరిగ్గా 120. యంత్రం ఎంతో నమ్మకంగా 120 అని చెప్పేస్తుంది. పైన షోపాన్ రాసింది లార్గో, అంటే బాగా నెమ్మదిగా. ఆ 120ని నమ్మి పీసుని చురుకైన సంగీతం లెక్కలో వేసేస్తే ఆ తప్పు మూడ్ దాకా పాకుతుంది.

మందు సులువే. టెంపో హింట్‌లో 120 తీసేసి, చెవికి తోచిన అంకె వేసి మళ్లీ నడపండి. జవాబు అంకెని కాదు, గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. క్లిక్ శబ్దం ఆన్ చేసుకుని వింటే బీట్ గీతలు స్వరాల మీద పడుతున్నాయా, మధ్యలో పడుతున్నాయా అన్నది పది సెకన్లలో తేలిపోతుంది. రుబాటో (లయని సాగదీసి, కుదించి వాయించడం) ఎక్కువున్న చోట, ముఖ్యంగా వాక్యం చివర ఆగి మళ్లీ అందుకునే చోట, గీతలు ఒక బీట్ జారి అక్కడి నుంచి చివరిదాకా తప్పుగానే నడవొచ్చు.

అందుకే సోలో పియానోకి చేత్తో టాప్ చేయడమే మేలు. ఈ సాఫ్ట్‌వేర్ నిజంగా బాగుండేది ఇక్కడే. పాట నడుస్తుండగా సెమీకోలన్ కీ కొడుతూ పోతే కొట్టిన ప్రతిచోటా ఒక నిలువు గీత పడుతుంది. ఎడిట్ మెనూలో కొత్త గీతలకి పేరు ఎలా పెట్టాలో ఎంచుకునే చోట, పక్క గీతకి ఉన్న దూరాన్ని బీపీఎంగా (నిమిషానికి ఎన్ని బీట్లో) చూపించమనొచ్చు. అప్పుడు ప్రతి బీట్ పక్కనా దాని టెంపో కనబడుతుంది. వేగం తగ్గించే డయల్ ఉంది. శృతి మారకుండా సగం వేగంలో వింటూ టాప్ చేసుకోవచ్చు.

టాప్ చేసేటప్పుడు చేతి తడబాటు ఎంత దూరం పోతుందో తెలిసుండాలి. 60 బీపీఎంలో బీట్ వ్యవధి 1 సెకను. అందులో 50 మిల్లీసెకన్లు ముందు కొడితే 63.2, వెనక కొడితే 57.1. అంటే వాయించేవాడు చేయని రుబాటోని మన వేలు చేసేస్తుంది. కాబట్టి టాప్ చేశాక స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో రంగుల్లో చూపే పటం) పొర వేసి, జూమ్ చేసి, ఎడిట్ టూల్‌తో ప్రతి గీతనీ స్వరం మొదలైన అంచుకి జరపాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఆలస్యం గురించి కంగారు అక్కర్లేదు. అది అన్ని గీతలకీ ఒకేలా ఉంటే వ్యవధుల్లో కొట్టుకుపోతుంది, గీతలన్నీ ఒకే మోతాదులో పక్కకి జరిగి ఉంటాయి, అంతే. ఇంకోటి: ఎడమచెయ్యి కాస్త ముందు, కుడిచెయ్యి కాస్త వెనక వేసే పియానిస్టులు చాలామంది. గీతని బేస్ మీద పెడతారో, మెలడీ మీద పెడతారో ముందే తేల్చుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. కలిపేస్తే గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది.

సగటు తీసే దగ్గర చాలామంది పొరపడతారు. ఒక బీట్ 40లో, పక్క బీట్ 80లో నడిచాయనుకోండి. రెండు అంకెల సగటు 60. నిజానికి మొదటిది 1.5 సెకన్లు, రెండోది 0.75 సెకన్లు, మొత్తం 2.25 సెకన్లలో రెండు బీట్లు, అంటే 53.3. పొరని టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, బీట్ల సంఖ్యని మొత్తం నిమిషాలతో భాగించండి. బీపీఎం అంకెల్ని కూడి భాగించొద్దు. చివరి రెండు మూడు బార్ల రిటార్డాండోని (క్రమంగా నెమ్మదించడాన్ని) ఆ లెక్కలోంచి తీసేసి విడిగా రాసుకోండి.

స్వరలిపి మీద మెట్రోనోమ్ అంకె ఉంటే ఈ గొడవంతా దేనికి అనొచ్చు. షూమన్ ట్రాయ్‌మెరై మీద క్వార్టర్ 100 అని అచ్చయింది. దాన్ని ఆ వేగంలో వాయించేవాళ్లు అరుదు, ఎక్కువమంది చాలా నెమ్మదిగా వాయిస్తారు. రికార్డింగు టెంపో రికార్డింగుదే, పేజీ టెంపో పేజీదే. రెండూ రెండు గడుల్లో రాసుకోండి.

ఇక స్కేలు. కీ డిటెక్టర్ ప్లగిన్ స్వరాలన్నిటినీ ఏ సప్తకంలోవైనా సరే పన్నెండు గడుల్లోకి కుదించి, ఏ గడిలో ఎంత బరువు పడిందో చూసి, దాన్ని 24 స్కేళ్ల నమూనాలతో పోలుస్తుంది. ఆ నమూనాలు బాఖ్ వెల్ టెంపర్డ్ క్లావియర్ మొదటి భాగం నుంచి తీసినవి. 24 స్కేళ్లలోనూ పీసులున్న కీబోర్డు సంగీతం కాబట్టి ఎంపిక సబబే. బాఖ్‌కి దగ్గరగా నడిచే సంగీతానికి ఫలితం బాగుంటుందని, సతీ, డెబ్యుసీల వైపు వెళ్లేకొద్దీ జారుతుందని కూడా దీన్నిబట్టే ఊహించొచ్చు.

తప్పులు యాదృచ్ఛికం కావు. మూడు నాలుగు దారుల్లోనే వస్తాయి. మొదటిది రిలేటివ్ తప్పు: సి మేజర్, ఏ (A) మైనర్ రెండింటికీ మెట్లు అవే, షడ్జమే వేరు. గ్రహభేదం తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే నఠభైరవి అయినట్టే. స్వరాల బరువు మాత్రమే చూసే యంత్రానికి షడ్జం ఏదో తెలియదు, ఊహిస్తుంది.

రెండోది పంచమం వైపు జారడం. దీనికి కారణం తీగలోనే ఉంది. పియానోలో కింది సి (130.8 హెర్ట్జ్) నొక్కితే దాని మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో దానితోపాటే మోగే స్వరం) 392 హెర్ట్జ్ దగ్గర, అంటే జి మీద పడుతుంది. ఐదోది 654 దగ్గర, ఈ (E) స్వరానికి ఆనుకుని. ఎవరూ నొక్కని జి (G), ఈ (E) రెండూ గడుల్లోకి చేరిపోతాయి. సి మైనర్ పీసులో బేస్‌లో ఒంటరి సి గట్టిగా మోగినప్పుడల్లా కొంచెం ఈ సహజం (ఫ్లాట్ కాని E) కలుస్తూ ఉంటుందన్నమాట. అలా మైనర్ కాస్త మేజర్ వైపు వాలుతుంది. ఎడమచేతి ఆక్టేవులు భారీగా ఉన్న పీసుల్లో ఇది గుర్తుంచుకోండి.

మూడోది శృతి. ప్లగిన్ ఏ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే నమ్మి లెక్కేస్తుంది. పియానో 435లో ఉంటే తేడా సుమారు 20 సెంట్లు (అర మెట్టుకి 100 సెంట్లు), పెద్ద నష్టం లేదు. 430లో ఉంటే 40 సెంట్లు. ఒక గడికి, పక్క గడికి మధ్య గీత 50 దగ్గర కాబట్టి స్వరాలు రెండు గడుల్లోకీ చిందుతాయి. స్పెక్ట్రోగ్రామ్ మీద ఏదైనా ఒంటి స్వరం దగ్గర మౌస్ పెడితే ఫ్రీక్వెన్సీ, స్వరం పేరు, సెంట్ల తేడా చూపిస్తుంది. ఒక నిమిషం అక్కడ ఖర్చుపెట్టి ట్యూనింగ్ గడిలో సరైన అంకె వేయండి. పాత రికార్డింగులకి ఇది తప్పనిసరి.

బేస్ స్వరం ఏదో కంటితో చూద్దామంటే స్పెక్ట్రోగ్రామ్ విండో సైజు, అంటే ఒక్కో లెక్కకి తీసుకునే శాంపిళ్ల సంఖ్య, మార్చాలి. 44,100 శాంపిళ్ల రికార్డింగులో 4,096 విండో పెడితే ఒక్కో గడి వెడల్పు 10.8 హెర్ట్జ్. రెండో సప్తకపు సి 65.4, పక్కనున్న సి షార్ప్ 69.3, తేడా 4 హెర్ట్జ్ కూడా లేదు. రెండూ ఒకే మసకగా కనబడతాయి. 16,384కి పెంచితే గడి 2.7 హెర్ట్జ్ అవుతుంది, స్వరాలు విడతాయి. కాకపోతే ఆ విండో 0.37 సెకను పొడవు కాబట్టి స్వరం ఎప్పుడు మొదలైందో చెప్పలేరు. బీట్ గీతలు సరిచేయడానికి చిన్న విండో, స్వరాలు చూడడానికి పెద్దది, రెండు పొరలుగా పెట్టుకోండి.

సతీ మొదటి జిమ్నోపెదీ దగ్గర ఈ ప్లగిన్‌ని కాస్త నిలబెట్టి చూడాలి. 1888 నాటి పీసు, మూడు బీట్ల నడక, స్వరలిపి మీద డి మేజర్ గుర్తు. మొదటి బారులో బేస్ జి, దాని మీద బి, డి, ఎఫ్ షార్ప్. రెండో బారులో బేస్ డి, దాని మీద ఏ, సి షార్ప్, ఎఫ్ షార్ప్. మెలడీ రాకముందు నాలుగు బార్లు ఇదే ఊగిసలాట. రెండు బార్లలోనూ ఉన్నవి డి, ఎఫ్ షార్ప్. డి మేజర్ అనాలంటే వాటికి ఏ (A) తోడవ్వాలి, బి మైనర్ అనాలంటే బి తోడవ్వాలి. ఏ (A) ఒక బారులో ఉంది, బి ఇంకో బారులో ఉంది. తూకం దాదాపు సమానం! విండో చిన్నగా ఉంటే పొర మీద జి మేజర్, డి మేజర్, బి మైనర్ అని పేర్లు బారుబారుకీ మారడానికి కారణం ఇదే. విండో పొడవు గడిలో మామూలుగా ఉండే 10 ఫ్రేముల్ని పెంచితే పేరు కుదురుకుంటుంది. ఇక చివర్లో ఎఫ్ సహజం వచ్చి పీసు డి మైనర్ కార్డ్ మీద ముగుస్తుంది. అక్కడ యంత్రం డి మైనర్ అంటే తప్పు పట్టలేం. ఆ కార్డ్ అదే. మొత్తం పీసు స్కేలు మాత్రం అది కాదు.

షోపాన్ రెయిన్‌డ్రాప్ ప్రెల్యూడ్ ఇంకో రకం. డి ఫ్లాట్ మేజర్‌లో మొదలై, మధ్యభాగం సి షార్ప్ మైనర్‌లోకి వెళ్తుంది. కీబోర్డు మీద ఆ రెండు షడ్జాలూ ఒకే కీ. వినేవాళ్లకి మబ్బు కమ్మినట్టుంటుంది గాని షడ్జం కదలదు. ప్లగిన్‌కి స్పెల్లింగ్ తెలియదు కాబట్టి సి షార్ప్ అన్నా డి ఫ్లాట్ అన్నా దానికి ఒకటే. మేజర్, మైనర్ మార్పుని పట్టుకుంటే పట్టుకున్నట్టే. పేరు ఏది రాయాలన్నది స్వరలిపి చూసి మనమే తేల్చుకోవాలి.

స్కేలు విషయంలో మన సలహా ఒక్కటే. ప్లగిన్ ఇచ్చిన జవాబుకి రిలేటివ్, పంచమం, ఒకే షడ్జం మీది మేజర్ లేదా మైనర్, ఈ మూడింటినీ పక్కన రాసుకుని, పీసు చివరి బేస్ స్వరం వినండి. షోపాన్ ఈ (E) మైనర్ ప్రెల్యూడ్ మొదలయ్యేది బేస్‌లో జి పెట్టుకుని. ఎడమచెయ్యి అర మెట్టు అర మెట్టుగా దిగుతూ గడులన్నీ నింపేస్తుంది. చివర నిశ్శబ్దం తర్వాత వచ్చే మూడు కార్డులే అసలు జవాబు.

మూడ్‌కి ఈ సాఫ్ట్‌వేర్‌లో బటన్ లేదు. లేకపోవడమే నయం. మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే విచారం, వేగం ఎక్కువైతే హుషారు అనే లెక్క సోలో పియానో దగ్గర బోర్లా పడుతుంది. డి మేజర్ గుర్తున్న ఆ జిమ్నోపెదీ మీద సతీ స్వయంగా రాసిన సూచనకి అర్థం "నెమ్మదిగా, బాధగా". అందులోని మేజర్ సెవెంత్ కార్డ్, అంటే మేజర్ కార్డ్ మీద అర మెట్టు తక్కువ సప్తకం దూరంలో ఉన్న స్వరం, ఎటూ తేలకుండా వేలాడుతుంది. దాన్ని మేజర్ అని ఒక్క మాటలో కొట్టేస్తే ఆ వేలాడడమే పోతుంది.

మూడ్ గురించి వాదించడానికి కావలసిన సాక్ష్యాలు మాత్రం దీంతో బాగానే దొరుకుతాయి. సెకనుకి ఎన్ని స్వరాలు పడుతున్నాయో చూడండి: మూన్‌లైట్‌లో బీట్ 54 అయినా సెకనుకి 2.7 స్వరాలు, అందుకే ఆ నెమ్మదిలో కూడా లోపల ఏదో కదులుతూనే ఉంటుంది. జిమ్నోపెదీలో మెలడీ రాకముందు బారుకి రెండు దెబ్బలు, మూడో బీట్ ఖాళీ. టోనల్ ఛేంజ్ ప్లగిన్ హార్మనీ ఎక్కడ మారుతోందో చూపిస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో పైభాగం ఎంత వెలుగుతోందో చూస్తే స్పర్శ గట్టిదా మెత్తదా తెలుస్తుంది, స్వరాల తోకలు ఎంత పొడవున్నాయో చూస్తే పెడల్ తెలుస్తుంది. టెక్స్ట్ పొర ఒకటి వేసుకుని, భావం మారిందనిపించిన చోట ఒక మాట రాయండి. షోపాన్ ఈ (E) మైనర్ ప్రెల్యూడ్‌లో స్ట్రెట్టో (వేగం పెంచమనే సూచన) అని రాసిన చోట టెంపో గీత, శబ్ద తీవ్రత రెండూ కలిసి లేచి, ఆ తర్వాత కలిసే పడిపోతాయి. మొత్తం పీసుకి "విషాదం" అని ఒక్క ట్యాగు తగిలించినవాళ్లకి ఆ మధ్య ఉన్న తిరుగుబాటు కనబడదు.

చిరాకులూ ఉన్నాయి. మెనూల భాష పరిశోధకుల కోసం రాసినది. పొరలు ఐదు దాటితే ఏ పొర ఎంపికై ఉందో మరిచిపోయి తప్పు పొరలో గీతలు జరిపేస్తాం. ఏ పొర ముందుందో కుడివైపు ట్యాబుల్లో చూసుకోవడం అలవాటు చేసుకోండి. పెద్ద విండో, ఎక్కువ ఓవర్‌ల్యాప్ పెట్టి పొడవైన ఫైలు మీద స్పెక్ట్రోగ్రామ్ వేస్తే పాత కంప్యూటర్లు ఆయాసపడతాయి.

రెండు వాయింపుల్ని పోల్చేవాళ్లకి మ్యాచ్ ప్లగిన్ ఉంటే ఒకే పీసు రికార్డింగుల్ని ఒకదానికొకటి అలైన్ చేసే సదుపాయం ఉంది. ఒకదానిలో స్వరం మీద నొక్కితే రెండోదాంట్లో అదే చోటుకి వెళ్తుంది. ఒకరు రిపీట్ వాయించి, ఇంకొకరు వదిలేస్తే మాత్రం అక్కడి నుంచి జత తప్పుతుంది. అలాంటప్పుడు రిపీట్‌ని ముందే కత్తిరించి ఇవ్వాలి. ఇక సెషన్ ఫైలు దాచుకునేటప్పుడు ఒక జాగ్రత్త: అందులో పొరలు, గీతలు ఉంటాయి గాని ఆడియో ఉండదు, అది ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. రికార్డింగుని వేరే ఫోల్డర్‌కి మారిస్తే తెరిచినప్పుడు ఫైలెక్కడని అడుగుతుంది. రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, గంటలకొద్దీ సరిచేసిన బీట్ పొరని విడిగా టెక్స్ట్‌గా కూడా ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి.